చంద్రగ్రహణం – గర్భిణీ స్త్రీలు – గ్రహణం మొర్రి

2025 సెప్టెంబరు 7వ తేదీ, ఆదివారం. ఆ రాత్రి నాకు కాన్పుల వార్డులో నైట్ డ్యూటీ. మామూలుగా రాత్రి ఎనిమిది దాటితే మా వరండాలో రోగుల తాలూకు వాళ్ళు చాపలు పరుచుకుని, టిఫిను గిన్నెలు విప్పుకుని, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఆ రోజు వరండాలో మనిషి లేడు. వార్డు కిటికీలన్నీ మూసేశారు. మూతపడని ఒక కిటికీకి ఎవరో దుప్పటి కట్టారు. పన్నెండు మంచాల్లో తొమ్మిదిమంది గర్భిణులు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వెల్లకిలా, కాళ్ళు చాపుకుని, చేతులు కదపకుండా పడుకుని ఉన్నారు.

"కొంచెం ఎడమ పక్కకు తిరుగమ్మా, బిడ్డ గుండె చప్పుడు వినాలి" అన్నాను ఒక అమ్మాయితో. ఆ అమ్మాయి కళ్ళు మాత్రమే కదిపి వాళ్ళ అత్తగారి వైపు చూసింది. "ఒంటిగంటన్నరకి విడుస్తుందంట సిస్టరమ్మా, అప్పటిదాకా కదపకండి. కదిలితే బిడ్డకి అవకరం వస్తుంది" అంది ఆ పెద్దావిడ. కోడలి మీద ఆమెకు ఉన్నది ప్రేమే. తల కింద దిండు సర్దింది కూడా ఆమే. ఆ ప్రేమతోనే ఆమె చేయిస్తున్న పని బిడ్డకు మంచిది కాదు. నెలలు నిండిన గర్భిణి గంటల తరబడి వెల్లకిలా పడుకుంటే, కడుపు బరువంతా వెన్నెముక పక్కన ఉన్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. గుండెకు చేరే రక్తం తగ్గుతుంది, బి.పి. పడిపోతుంది, బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే మేము ఎప్పుడూ ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చెప్తాము.

వార్డులో ఉన్నవాళ్ళకు ఏమైనా అయితే చూసుకోవడానికి మేమున్నాము. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది మాత్రం ఆ రాత్రి ఇంటి దగ్గర ఆగిపోయిన ఒకామె. సాయంత్రం ఆరున్నరకు ఆమెకు ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రి వాళ్ళ ఇంటికి ఆటోలో నలభై నిమిషాలు. గ్రహణం విడిచాక, విడుపు స్నానం చేయించి, ఆ తడి జుట్టుతోనే తీసుకొచ్చారు. అప్పటికి రాత్రి రెండున్నర దాటింది. ఉమ్మనీరు పచ్చగా ఉంది. అంటే కడుపులో బిడ్డ అప్పటికే ఇబ్బందిపడి మలవిసర్జన చేసిందన్నమాట. గుండె చప్పుడు నిమిషానికి తొంభైకి దిగింది. ఉండవలసింది 110 నుంచి 160. డాక్టరమ్మగారిని లేపి, వెంటనే ఆపరేషన్ చేశారు. బిడ్డ పుట్టగానే ఏడవలేదు. తొమ్మిది రోజులు నర్సరీలో ఉండి, బాగై ఇంటికి వెళ్ళాడు. ఏడున్నరకు వచ్చి ఉంటే బహుశా ఆ తొమ్మిది రోజులూ, ఆ ఖర్చూ ఉండేవి కావు.

అందుకే ఈసారి ఈ పుస్తకంలో బి.పి. గురించో రక్తహీనత గురించో కాకుండా గ్రహణం గురించి రాస్తున్నాను. మీ నమ్మకాన్ని వెక్కిరించాలని కాదు. మా అమ్మ కూడా గ్రహణం రోజున పచ్చడి జాడీలో దర్భ వేసేది. మేము చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా వేసేది. గ్రహణమంటే అసలు ఏమిటో, ఎప్పుడు ఎందుకు వస్తుందో ఒకసారి స్థిమితంగా తెలుసుకుంటే, దేనికి భయపడాలో దేనికి అక్కరలేదో మీకే తెలుస్తుంది.

ఆకాశంలో జరిగేది ఏమిటి?

దీపం ముందు మీరు నిలబడితే వెనుక గోడ మీద మీ నీడ పడుతుంది. సూర్యుడు దీపం, భూమి మనిషి, చంద్రుడు గోడ మీద పాకుతున్న చిన్న పురుగు అనుకోండి. పురుగు నడుస్తూ నడుస్తూ మీ నీడలోకి వెళ్ళి, అవతలి పక్కకు వచ్చేస్తుంది. చంద్రగ్రహణం అంతే. చంద్రుడు భూమి నీడలోకి వెళ్ళి బయటికి వస్తాడు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్యలో భూమి ఉండాలి కాబట్టి చంద్రగ్రహణం పున్నమి రోజునే వస్తుంది, మరే రోజునా రాదు. చంద్రుడున్న దూరంలో, అంటే సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో, భూమి నీడ చంద్రుడి కంటే రెండున్నర రెట్లకు పైగా వెడల్పు ఉంటుంది. అందుకే చంద్రుడు మొత్తం మునిగిపోయి గంటకు పైగా కూడా లోపల ఉండగలడు. అలా మొత్తం మునిగితే సంపూర్ణ చంద్రగ్రహణం, కొంత భాగమే మునిగితే పాక్షికం.

మునిగినప్పుడు చంద్రుడు నల్లగా మాయమైపోడు. రాగి చెంబు రంగుకు వస్తాడు. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యుడి వెలుగును కొంచెం వంచి నీడలోకి పంపుతుంది. ఆ దారిలో నీలం రంగు చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. సాయంత్రం పడమట ఆకాశం ఎర్రబడేది కూడా ఇందుకే. ఆ ఎరుపు రక్తమూ కాదు, విషమూ కాదు. గ్రహణ సమయంలో చంద్రుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు. రోజూ వచ్చే వెన్నెలే, అప్పుడు ఇంకా తక్కువగా వస్తుంది. కాబట్టి చంద్రగ్రహణాన్ని మామూలు కళ్ళతో ఎంతసేపైనా చూడవచ్చు. గర్భిణులూ చూడవచ్చు, పసిపిల్లలూ చూడవచ్చు. సూర్యగ్రహణం సంగతి వేరు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి వెనుక పొర కాలిపోతుంది, నొప్పి కూడా తెలియదు. సూర్యగ్రహణం వచ్చిన ప్రతిసారీ మా ఎక్స్‌రే గది దగ్గరికి పాత ఫిల్ముల కోసం వచ్చేవాళ్ళు ఉంటారు. దయచేసి అడగవద్దు. ఎక్స్‌రే ఫిల్ము కంటిని కాపాడదు.

మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి, భూమి తిరిగే దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందువల్ల ఎక్కువ పున్నములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో జారిపోతాడు. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోట్లు రెండే ఉన్నాయి. మన పంచాంగకర్తలు రాహువు, కేతువు అని లెక్కగట్టేవి ఆ రెండు చోట్లనే. పున్నమి సమయానికి చంద్రుడు ఆ చోట్లలో ఒకదానికి దగ్గరగా ఉంటేనే గ్రహణం. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ళ క్రితమే రాశాడు. పంచాంగంలో పట్టు, విడుపు వేళలు నిమిషాలతో సహా ముందుగా అచ్చువేయగలుగుతున్నారంటే, అది లెక్క ప్రకారం నడిచే పని కాబట్టే. లెక్క ప్రకారం వచ్చే గ్రహణం మీ ఇంటి కోడలు కత్తిపీట ముట్టుకుందా లేదా అని చూడదు.

మా డ్యూటీ చార్టు లాంటి లెక్క

ఈ లెక్కలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఒక గ్రహణం వచ్చిన 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు దాదాపు అలాంటి గ్రహణమే మళ్ళీ వస్తుంది. మధ్యలో పడే లీపు సంవత్సరాలను బట్టి 11 రోజులు అప్పుడప్పుడు 10 అవుతాయి. మొత్తం 6585 రోజులు, దాని మీద ఇంచుమించు 8 గంటలు. ఆ కాలంలో సరిగ్గా 223 పున్నములు గడుస్తాయి. చంద్రుడు రాహుకేతువుల చోట్లకు తిరిగి రావడం, భూమికి దగ్గరగా దూరంగా జరగడం కూడా అదే సమయానికి దాదాపు మొదటికి వచ్చేస్తాయి. మూడు గడియారాలు ఒకేసారి గంట కొట్టినట్టు. దీన్ని సారోస్ చక్రం అంటారు. దుర్భిణులు లేని కాలంలోనే బాబిలోను జ్యోతిష్కులు తరతరాలుగా రాసిపెట్టుకున్న పలకల నుంచి దీన్ని పట్టుకున్నారు.

ఆ చివరి 8 గంటలే అసలు తమాషా. మా ఆసుపత్రిలో రోజుకు మూడు డ్యూటీలు, ఒక్కొక్కటి 8 గంటలు. గ్రహణం కూడా డ్యూటీ మారుతుంది. 1971 ఆగస్టు 6వ తేదీ రాత్రి, తెల్లవారితే 7, ఒంటిగంట దాటాక సంపూర్ణ గ్రహణం నడిమధ్యకు వచ్చింది. అది నైట్ డ్యూటీ. మన దేశంలో కనిపించింది. 18 ఏళ్ళ తర్వాత 1989 ఆగస్టు 17న అదే వరుసలోని గ్రహణం మన గడియారం ప్రకారం ఉదయం ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. మార్నింగ్ డ్యూటీ. మనకు ఎండ, చంద్రుడు మన కాళ్ళ కింద, భూమికి అవతల. 2007 ఆగస్టు 28న సాయంత్రం నాలుగు దాటాక. అది ఆఫ్టర్‌నూన్ డ్యూటీ. అప్పుడు పసిఫిక్ సముద్ర ప్రాంతం వాళ్ళు, ఆస్ట్రేలియా వాళ్ళు చూశారు, మనం చూడలేదు. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 7న, నేను పైన చెప్పిన రాత్రి, పదకొండు గంటల నలభై నిమిషాలకు మళ్ళీ నైట్ డ్యూటీ. మూడు సారోస్‌లు కలిస్తే 54 సంవత్సరాల ఒక నెల అవుతుంది. అప్పుడు గ్రహణం తిరిగి దాదాపు అదే వేళకు, మన ఆకాశానికే వస్తుంది. మీ ఇంట్లో అరవై, డెబ్బై ఏళ్ళ పెద్దలుంటే 1971 నాటి గ్రహణం గుర్తుందేమో అడగండి. 2025లో వాళ్ళు చూసింది దాని తమ్ముణ్ణే.

తమ్ముడే గాని అచ్చం అన్నలా ఉండడు. 1971లో చంద్రుడు మొత్తం నీడలో ఉన్నది దాదాపు 99 నిమిషాలు. 2025లో 82 నిమిషాలే, రాత్రి 11.01 నుంచి 12.23 దాకా. ఈ వరుస ప్రతిసారీ నీడ అంచువైపు కొంచెం కొంచెం జరుగుతోంది. 2043 సెప్టెంబరు 19న వచ్చేది మనకు తెల్లవారే వేళ, చంద్రుడు అస్తమించబోతుండగా మొదలవుతుంది. సంపూర్ణ భాగం మనకు కనిపించదు.

ఇలాంటి వరుసలు ఒకటి కాదు, ఒకేసారి చాలా నడుస్తుంటాయి. నేను నర్సింగు శిక్షణలో ఉండగా 2000 జూలై 16 సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. హాస్టల్లో కిటికీలన్నీ మూయించారు. రాత్రి ఎనిమిదింటికి మేము ముగ్గురం స్నానాల గది వెంటిలేటరులోంచి, ఒకరి తర్వాత ఒకరం బకెట్టు మీద నిలబడి, ఆ ఎర్రటి చంద్రుణ్ణి చూశాము. ఆ వరుసలో తర్వాతది సరిగ్గా 18 ఏళ్ళ 11 రోజులకు, 2018 జూలై 27వ తేదీ అర్ధరాత్రి వచ్చింది. 103 నిమిషాల సంపూర్ణ గ్రహణం. ఈ శతాబ్దం మొత్తంలో అంతకంటే పొడవైనది లేదు. దాన్ని ఎందుకు గుర్తుపెట్టుకున్నానో ఇప్పుడు చెప్తాను.

గ్రహణం మొర్రి

మన భాషలోనే ఒక తప్పు దాగి ఉంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను "గ్రహణం మొర్రి" అంటాము. పేరే నేరాన్ని మోపుతుంది. అలాంటి బిడ్డ పుట్టిందంటే, తల్లి గ్రహణం రోజున బయటికి వచ్చిందనో, కూరగాయ తరిగిందనో, గోక్కుందనో ఇంట్లో తీర్పు అయిపోతుంది. బిడ్డను చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ అదే అడుగుతారు.

2018 నవంబరులో మా దగ్గర ఒకామెకు మగబిడ్డ పుట్టాడు. పై పెదవి ఎడమ వైపు చీలి ఉంది, అంగిలి బాగానే ఉంది. మూడో రోజున ఆమె పాలు ఇవ్వడం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమిటని అడిగితే చెప్పదు. ఆఖరికి వాళ్ళ అత్తగారే చెప్పింది: "జూలైలో పెద్ద గ్రహణం పట్టింది కదమ్మా. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, లేవద్దని. రాత్రి రెండింటికి లేచి బాత్రూంకి వెళ్ళింది." మంచం మీది అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆపుకోలేకపోయాను సిస్టర్" అంది. ఆరో నెల గర్భిణి రాత్రిపూట బాత్రూంకు వెళ్ళినందుకు నాలుగు నెలలుగా మనసులో తప్పుచేసినదానిలా కుమిలిపోతోందని నాకు అప్పుడు అర్థమైంది.

నేను వేళ్ళ మీద లెక్క చెప్పాను. బిడ్డ కడుపులో పడింది ఫిబ్రవరి మూడో వారంలో. బిడ్డ ముఖం మొదట విడివిడి ముక్కలుగా రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. పై పెదవి అతుక్కునేది బిడ్డ పడిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంటే ఈమెకు మార్చి రెండో సగం, ఏప్రిల్ మొదట్లో. తల్లికి వేవిళ్ళు మొదలయ్యే రోజులవి. అతుక్కోకపోతే అప్పుడే అతుక్కోలేదు. గ్రహణం వచ్చింది జూలై 27న. మూడున్నర నెలల తర్వాత! అతుక్కున్న పెదవిని ఏ గ్రహణమూ తిరిగి చీల్చలేదు.

పెద్దావిడ నమ్మలేదు. అప్పుడు ఫైలు తెరిచాను. జూన్ మూడో వారంలో బయట తీయించుకున్న ఐదో నెల స్కానింగు కాగితం ఉంది. రెండో పేజీలో, కింద నుంచి మూడో లైనులో, పై పెదవి చీలి ఉన్నట్టు ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ ముక్క ఎవరూ వీళ్ళకు చదివి చెప్పలేదు. నాకు కోపమూ బాధా రెండూ వచ్చాయి. కానీ ఆ రోజు ఆ కాగితమే ఆ అమ్మాయిని కాపాడింది. తేదీ చూపించి, గ్రహణానికి నెల ముందే ఇది ఇలా ఉందని చెప్తే, ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు ఆ తేదీ వంక చూసింది. తర్వాత కోడలి తల నిమిరింది. ఏమీ అనలేదు.

ఇంకో మాట. సూర్యచంద్ర గ్రహణాలు సుమారు 173 రోజులకు ఒకసారి గుంపుగా వచ్చే రుతువులు ఉన్నాయి. ప్రతి రుతువులోనూ కనీసం ఒక సూర్యగ్రహణం, ఒక చంద్రగ్రహణం భూమి మీద ఎక్కడో ఒకచోట వస్తాయి. కొన్నిసార్లు చంద్రగ్రహణం కంటికి తెలియనంత పలుచగా ఉంటుంది. బిడ్డ కడుపులో ఉండేది సుమారు 266 రోజులు. అంటే గ్రహణం తగలకుండా తొమ్మిది నెలలు నిండటం ఎవరికీ సాధ్యం కాదు. ఇది చదువుతున్న మీరు, రాస్తున్న నేను, మా డాక్టరమ్మగారు, అందరం తల్లి కడుపులో ఉండగా కనీసం ఒక గ్రహణ రుతువు దాటి వచ్చినవాళ్ళమే.

"మన ఊళ్ళో కనిపించిందే లెక్క" అంటారేమో. 2018 జూలై గ్రహణం దేశమంతటా ఆకాశంలో ఉంది. ఆ రాత్రి మన దేశంలో కోటి మందికి పైగా గర్భిణులు ఉండి ఉంటారు. రాత్రిపూట బాత్రూంకు లేవని గర్భిణి ఎవరు చెప్పండి? గ్రహణమే కారణమైతే ఆ తర్వాత ఊరూరా ఇంటింటా మొర్రి బిడ్డలు పుట్టి ఉండాలి. ఎప్పటిలాగే వెయ్యి కాన్పులకు సుమారు ఒకరికి వస్తుంది. గ్రహణాల పేరెత్తని దేశాల్లోనూ వస్తుంది.

మరి అసలు కారణం? చాలామందిలో ఫలానా అని ఒక్కటి చెప్పలేము. కొంత వంశంలో వస్తుంది. తల్లికి గర్భానికి ముందు నుంచే అదుపులో లేని షుగరు, మొదటి నెలల్లో వాడిన కొన్ని ఫిట్సు మందులు, పొగ తాగడం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే అలవాటున్న పెద్దమ్మలు ఈ చివరి మాట మనసులో పెట్టుకుని, గర్భిణి ఉన్న గదిలో చుట్ట ముట్టించకండి. ఫిట్సు మందులు వాడే ఆడపిల్లలు వాటిని సొంతంగా ఆపకూడదు. పెళ్ళి కాగానే, గర్భం రాకముందే డాక్టరును కలిసి మందు మార్చాలా అని అడగాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టడం మంచిది. బిడ్డ మెదడు, వెన్నెముక లోపాలను అది బాగా తగ్గిస్తుంది.

మొర్రితో బిడ్డ పుడితే ముందు కడుపు నింపాలి. పెదవి మాత్రమే చీలిన బిడ్డలు చాలామంది తల్లి రొమ్ము పట్టగలరు. చీలిన చోటును రొమ్ముతో గానీ వేలితో గానీ మూసి పట్టుకుంటే చాలు. అంగిలి కూడా చీలి ఉంటే బిడ్డ పీల్చలేదు. అప్పుడు తల్లి పాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టాలి, తరచుగా త్రేన్పు తెప్పించాలి. పడుకోబెట్టి పోస్తే పాలు ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎలా పట్టాలో నేర్పించకుండా మేము డిశ్చార్జి చేయము. మీరూ నేర్చుకోకుండా వెళ్ళకండి. పెదవి ఆపరేషన్ సాధారణంగా మూడు నెలల వయసు దాటాక, బిడ్డ సుమారు 5 కిలోలు తూగి, రక్తం 10 గ్రాములు ఉన్నప్పుడు చేస్తారు. అంగిలి ఆపరేషన్ తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు. మాటలు వచ్చే వయసుకు ముందే అది కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ కింద మొర్రి, అంగిలి చీలిక రెండూ ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరును అడిగితే పిల్లల్ని చూసే బృందం ఎప్పుడు వస్తుందో చెప్తుంది. పై చెప్పిన బాబుకు నాలుగో నెలలో ఆపరేషన్ అయింది. ఒకసారి జ్వరానికని తీసుకొస్తే నేను గుర్తుపట్టలేకపోయాను. పెదవి మీద సన్నటి గీత ఒకటి, అంతే.

షుగరు రోగులకు ఒక మాట

గర్భిణుల గురించే ఎక్కువ రాశాను గానీ, ఆ సెప్టెంబరు రాత్రి క్యాజువాలిటీకి వచ్చిన మరో కేసు షుగరు రోగి. ఉదయం టిఫిను తిన్నాడు. మధ్యాహ్నం నుంచి గ్రహణమని ఏమీ ముట్టలేదు. రాత్రి మాత్రం "మందు మానకూడదు కదా" అని ఇన్సులిన్ పొడుచుకున్నాడు. అర్ధరాత్రి ఒళ్ళంతా చెమటలు, వణుకు, పిచ్చిమాటలు. గాలి సోకిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. షుగరు చూస్తే 42. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చుని, నేనిక్కడికెలా వచ్చానని అడిగాడు. అదృష్టవంతుడు. షుగరు మందు వేసుకున్న మనిషి అన్నం మానకూడదు. ఉపవాసం ఉండి తీరాలనుకుంటే ముందు రోజే డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవాలి. చెమటలు పట్టి వణుకుతుంటే, మనిషి స్పృహలో ఉంటే, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. 108కి ఫోను చేయండి.

వండిన అన్నం గ్రహణం వల్ల పాడవదు. మధ్యాహ్నం వండినది అర్ధరాత్రి దాకా వేడి గదిలో ఉంచితే మాత్రం గ్రహణం ఉన్నా లేకపోయినా పాడవుతుంది. మా వంటగది గ్రహణం రోజు కూడా పనిచేస్తుంది. ఆచారం మానలేమనేవాళ్ళు గర్భిణులకూ, చిన్నపిల్లలకూ, షుగరు, బి.పి. రోగులకూ మినహాయింపు ఇవ్వండి. ఆచారమైనా అన్నిచోట్లా ఒకటి కాదు కదా. గ్రహణానికి తిరుమల గుడి తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంచుతారు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, నొప్పులు మొదలైనా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, ఫిట్సు వచ్చినా, పట్టు విడుపు చూడకుండా బయలుదేరండి. విడుపు స్నానం మా దగ్గర చేయవచ్చు. వేడినీళ్ళు మేమే ఇస్తాము. మరో విన్నపం: గ్రహణం తప్పించడానికి ఆపరేషన్ రెండు వారాలు ముందుకు జరపమని డాక్టరమ్మగారిని ఒత్తిడి చేయకండి. నెలలు నిండకుండా తీసిన బిడ్డకు ఊపిరి ఆడదు. ఆ భయం మాత్రం నిజమైనది.

తర్వాతి గ్రహణం తేదీ రాసుకోండి. 2026 మార్చి 3 తర్వాత రెండున్నర ఏళ్ళకు పైగా ప్రపంచంలో ఎక్కడా సంపూర్ణ చంద్రగ్రహణం లేదు. మళ్ళీ 2028 డిసెంబరు 31న. దాని అన్న 2010 డిసెంబరు 21న మన మధ్యాహ్నం వేళ వచ్చి అమెరికా వాళ్ళకు కనిపించాడు. ఈసారి మన వంతు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక నీడ పట్టడం మొదలై, ఇంచుమించు 9.45 నుంచి 11 గంటల లోపు చంద్రుడు పూర్తిగా ఎర్రబడి, కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది నిమిషాలకు విడుస్తుంది. చర్చీల్లో వాచ్ నైట్ ఆరాధనకు జనం వచ్చే వేళ. డిసెంబరు కాబట్టి మబ్బులు ఉండకపోవచ్చు. వార్డులో ఉన్న గర్భిణులు భోజనం ఎనిమిదింటికి ఎప్పటిలాగే చేసి, స్వెట్టరు వేసుకుని, తోడు ఒకరిని తీసుకుని రండి. మేడ మెట్లు ఎక్కనక్కరలేదు, తూర్పు వరండా ముందున్న ఖాళీ స్థలంలోంచి ఆకాశం బాగా కనిపిస్తుంది. గేటు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.